ఎయిర్ ఫ్రైయర్‌లో ఆలుగడ్డ: పైన కరకర, లోపల పొడిపొడి

మా అమ్మది తెనాలి. ఆవిడకిది బంగాళాదుంప. మా ఆవిడది కరీంనగర్, తనకు ఆలుగడ్డ. పక్క ఫ్లాట్‌లో ఉండే మదనపల్లె ఆంటీ ఉర్లగడ్డ అంటారు. పేరు మీద ఎంత వాదన జరిగినా మూడిళ్లలోనూ వండే తీరు మాత్రం ఒక్కటే. కుక్కర్‌లో మూడు విజిల్స్ రానిచ్చి తొక్క తీసేయడం, లేదంటే ముక్కలు కోసి నూనెలో వేయించడం. కోయకుండా, తొక్క తీయకుండా, గడ్డను గడ్డలాగే కాల్చి తినడం ఏదో విదేశీ వ్యవహారం అనుకుంటాం. కానీ పొయ్యిలో అన్నం వార్చాక మిగిలిన నిప్పుల బూడిదలో కందగడ్డ, అంటే చిలగడదుంప, కప్పెట్టి, కాలాక ఊదుకుంటూ తిన్న తరం మనదే. అమెరికావాళ్లు బేక్డ్ పొటాటో అన్నా, ఇంగ్లండ్‌వాళ్లు జాకెట్ పొటాటో అన్నా సంగతి అదే. ఇప్పుడు బూడిద స్థానంలో వేడిగాలితో కాల్చే ఎయిర్ ఫ్రైయర్ వచ్చింది.

మొదటిసారి నేను చేసింది ఘోరంగా వచ్చింది. ఎక్కడో ఫొటోలో చూసి, గడ్డను కడిగి, తడి తడిగానే వెండి రంగు ఫాయిల్‌లో చుట్టి పెట్టాను. నలభై నిమిషాల తర్వాత విప్పితే తొక్క తడిసిన కాగితంలా అంటుకుని ఉంది. లోపల ముద్ద. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "కుక్కర్‌లో పెడితే పది నిమిషాల్లో అయ్యేది కదరా, దీనికింత కరెంటెందుకు?" అంది. ఆవిడన్నది నిజం. నేను చేసింది ఉడకబెట్టడమే, కాకపోతే ఖరీదైన పద్ధతిలో.

వంద గ్రాముల ఆలుగడ్డలో సుమారు 80 గ్రాములు నీళ్లే. కుక్కర్ ఆ నీటిని లోపలే ఉంచి ఉడికిస్తుంది. కాల్చడమంటే అందులో కొంత నీటిని ఆవిరిగా బయటికి పంపడం. ఈ తేడా పట్టుబడితే మిగతా పనంతా తేలిక. గడ్డ కొనేటప్పుడు, కడిగేటప్పుడు, నూనె రాసేటప్పుడు, కాలాక పగలగొట్టేటప్పుడు ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఆవిరి బయటికి పోతోందా, లోపలే ఉండిపోతోందా?

గడ్డ దగ్గరే సగం పని

హైదరాబాద్‌లో మా మెహిదీపట్నం రైతుబజార్‌లో నేనెప్పుడూ ఆగే ఒకావిడ ఉంది. మొన్న జనవరిలో "అక్కా, పాత ఆలుగడ్డ ఉందా?" అని అడిగితే నన్ను వింతగా చూసింది. "అందరు కొత్తది కావాలంటరు, నువ్వు పాతది అడుగుతున్నవేంది సార్? కొత్తది మంచిగుంటది, పొట్టు గోకితే వస్తది." ఆవిడ మంచి సరుకనే చెప్పింది. కానీ నాకు పనికిరానిది సరిగ్గా అదే. బొటనవేలితో రుద్దితే తొక్క ఊడొచ్చే కొత్త గడ్డలో నీరెక్కువ, పిండి తక్కువ. కూరకు బ్రహ్మాండంగా ఉంటుంది, ముక్క చెదరదు. కాలిస్తే మాత్రం లోపల మైనంలా బిగుసుకుంటుంది. తొక్క పలచన కాబట్టి కరకరలాడదు కూడా. మనకు కావాల్సింది ముదిరిన గడ్డ. తొక్క కాస్త గరుకుగా, గోరుతో గీరినా ఊడకుండా ఉండాలి. చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువు తెలియాలి. నొక్కితే మెత్తగా అనిపించకూడదు.

సిటీకి వచ్చే సరుకులో చాలావరకు ఆగ్రా వైపు నుంచి లారీల్లో వస్తుంది. చలికాలంలో మన జహీరాబాద్ చుట్టుపక్కల పండింది కూడా దొరుకుతుంది. ఉత్తరాదిలో ఫిబ్రవరి, మార్చిలో తవ్విన పంట కోల్డ్ స్టోరేజీకి పోయి, అక్కడి నుంచి నెలల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. మనదేశంలో పండే రకాల్లో చాలావాటికి ఇంటిపేరు కుఫ్రీ: కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ పుఖ్‌రాజ్, కుఫ్రీ చిప్సోనా. సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ తయారుచేసిన రకాలివి. సిమ్లా పక్కన ఉన్న ఊరి పేరే వీటికి వచ్చింది. వీటిలో చిప్సోనాను చిప్స్ కంపెనీల కోసం పిండిపదార్థం ఎక్కువుండేలా పెంచారు, అందుకే కాల్చడానికి అది భేష్. పుఖ్‌రాజ్ త్వరగా చేతికొచ్చే రకం, నీరెక్కువ. బండి మీద అమ్మేవాళ్లను రకం పేరు అడిగితే "ఆలుగడ్డ సార్" అంటారు. కాబట్టి పేర్లు పక్కన పెట్టి ఇంట్లో ఒక పరీక్ష చేసుకోవచ్చు.

ఒక లీటరు నీళ్లలో 110 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించండి. బాగా కడిగిన గడ్డను అందులో వేయండి. మునిగితే పిండి గడ్డ, కాల్చుకోవచ్చు. తేలితే నీటి గడ్డ, కూరకు తీసిపెట్టండి. పిండి ఎక్కువున్న గడ్డ ఆ ఉప్పునీటి కంటే బరువు, అంతే కిటుకు. మామూలు నీళ్లలో అయితే రెండూ మునుగుతాయి కాబట్టి తేడా తెలియదు. మొదటిసారి చేసినప్పుడు మా అమ్మాయి పొయ్యి గట్టు మీద కూర్చుని ఒక్కో గడ్డకూ "పాస్", "ఫెయిల్" అని చెప్పింది. కిలోలో ఆరు తూగితే నాలుగు పాసయ్యాయి. ఆ ఉప్పునీళ్లు పారబోయకండి, ఇంకో పది నిమిషాల్లో పనికొస్తాయి.

సైజు కూడా ముఖ్యమే. కిలోకి ఐదారు తూగేవి తీసుకోండి, అంటే ఒక్కోటి 160 నుంచి 200 గ్రాములు. అన్నీ దాదాపు ఒకే సైజులో ఉండాలి, లేకపోతే చిన్నది ఎండిపోయేదాకా పెద్దది ఉడకదు. గుండ్రటి వాటికన్నా కోలగా ఉండేవి మేలు. మధ్యదాకా వేడి త్వరగా చేరుతుంది.

పచ్చబడ్డ గడ్డను కొనకండి. వెలుతురు తగిలితే అలా పచ్చబడతాయి, వాటిలో సోలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. ఎంత కాల్చినా అది పోదు. చిన్న మచ్చే అయితే చుట్టూ లోతుగా కోసేయొచ్చు గానీ, మనం తొక్కతో తింటున్నాం కాబట్టి పారేయడమే మంచిది. మొలకలొచ్చినవీ అంతే.

ఇంకో మాట, ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి గడ్డలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. రుచి తియ్యబడుతుంది, లోపల ఉడికేలోపే తొక్క నల్లబడుతుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి తాజాగా వచ్చిన గడ్డకు కూడా ఒక్కోసారి ఇదే జబ్బు. అలాంటి దాన్ని వారం పదిరోజులు గాలి తగిలే బుట్టలో, చీకటి మూలలో ఉంచితే చాలావరకు కుదురుకుంటుంది. ఉల్లిపాయల బుట్ట పక్కన మాత్రం వద్దు.

ప్లగ్గు సంగతి

ఎయిర్ ఫ్రైయర్ పేరులో ఫ్రై ఉంది గానీ అది వేయించదు. పైన ఒక కాయిల్, దాని మీద ఒక ఫ్యాను, చిన్న డబ్బాలో సుడి తిరిగే వేడిగాలి. ఫిలిప్స్ 2010లో బెర్లిన్‌లో చూపించినప్పటి నుంచి ఇళ్లలోకి వచ్చిన ఈ యంత్రం నిజానికి ఒక చిన్న ఓవెన్. ఆ గాలి గడ్డ ఒంటి మీది తడిని ఊడ్చుకుపోతుంది. మనకు కావాల్సిందీ అదే.

ఇళ్లలో వాడే ఎయిర్ ఫ్రైయర్ సాధారణంగా 1200 నుంచి 1700 వాట్లు లాగుతుంది. గీజర్, ఏసీ పెట్టుకునే పెద్ద పిన్నుల సాకెట్‌లోనే పెట్టాలి. మా పాత అద్దింట్లో కిచెన్ గట్టు దగ్గర పెద్ద సాకెట్ లేదు. ఫోన్ ఛార్జర్లు పెట్టుకునే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌తో నడిపించాను. మూడో రోజు కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చి చూస్తే బాక్స్ మీద గోధుమ రంగు మచ్చ, ముట్టుకుంటే వేడి. ఆ రోజు నుంచి సాకెట్ మార్పించేదాకా యంత్రాన్ని అటక మీద పెట్టేశాను.

ఎండాకాలం సాయంత్రాలు మా కాలనీలో వోల్టేజ్ పడిపోతుంది. 230 ఉండాల్సింది 200కి దిగితే కాయిల్ ఇచ్చే వేడి దాదాపు నాలుగోవంతు తగ్గుతుంది. ఎందుకంటే వేడి వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటుంది. అదే గడ్డ జనవరిలో 40 నిమిషాల్లో కాలి, మే నెలలో 48 తీసుకుంటే యంత్రం పాడైందని కంగారు పడకండి. కరెంటు పోయి వస్తే కొన్ని మోడళ్లలో టైమర్ మొదటికొస్తుంది. అందుకే గడ్డ పెట్టిన సమయం ఫోన్‌లో నోట్ చేసుకోవడం నాకు అలవాటైంది.

బిల్లు గురించి అమ్మ టెన్షన్ పడింది కాబట్టి లెక్క వేశాను. 1500 వాట్ల యంత్రం 40 నిమిషాలు ఆపకుండా మండితే ఒక యూనిట్. వేడి అందుకున్నాక కాయిల్ ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి అంత కూడా కాదు. అయితే ఆ ఖర్చు ఒక గడ్డకైనా అంతే, నాలుగు గడ్డలకైనా దాదాపు అంతే. ఒక్కదాని కోసం పెట్టకండి.

కాల్చే పద్ధతి

ముందు కడగడం. గిన్నెలు తోమే పీచు కొత్తది ఒకటి దీనికోసం పక్కన పెట్టుకోండి. గడ్డ మీది కళ్ల గుంటల్లో మట్టి ఉంటుంది, అక్కడ గట్టిగా రుద్దాలి. తినబోయేది తొక్కే కాబట్టి ఇందులో బద్ధకం పనికిరాదు.

కడిగాక ఫోర్క్‌తో ఒక్కో గడ్డకూ ఆరేడు చోట్ల గుచ్చండి, ఒక సెంటీమీటరు లోతు చాలు. గుచ్చకపోయినా చాలాసార్లు ఏమీ కాదు. ఆ "చాలాసార్లు"ను నమ్ముకుని నేనొకసారి వదిలేశాను. ముప్పయ్యో నిమిషంలో డబ్బాలోంచి టప్ మని చప్పుడు. తెరిస్తే గడ్డ పగిలి, కాయిల్ నిండా ముద్ద. చల్లారాక టూత్‌బ్రష్‌తో గంటసేపు తుడిచాను. గుచ్చడానికి పట్టేది పది సెకన్లు.

ఇప్పుడు ఆ ఉప్పునీళ్లు. గుచ్చిన గడ్డలను అందులో ఒకసారి ముంచి, నీళ్లు కారిపోయేదాకా ఆగి, ఒక పళ్లెంలో ఎడంగా పెట్టి ఫ్యాన్ కింద ఆరనివ్వండి. పది పదిహేను నిమిషాల్లో తొక్క మీద బట్టలపై చెమట ఆరినట్టు తెల్లటి ఉప్పు పొర కనిపిస్తుంది. వానాకాలంలో అరగంట పడుతుంది. దొడ్డుప్పు నూనెతో కలిపి రుద్దే పద్ధతి కూడా ఉంది. అందులో సగం ఉప్పు బుట్ట అడుగునే రాలిపోతుంది. ఉప్పునీటి పొర అయితే తొక్కంతటా సమానంగా పడుతుంది. ఉప్పునీళ్ల పద్ధతికే నా ఓటు. బీపీ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ముంచకుండా, పొడిగుడ్డతో తుడిచి పెట్టుకోండి.

యంత్రాన్ని 200 డిగ్రీల్లో ఐదు నిమిషాలు ఖాళీగా వేడెక్కించండి. అప్పుడు గడ్డలు పెట్టండి. ఒకదానికొకటి తగలకూడదు, మధ్యలో వేలు పట్టేంత సందుండాలి. నాలుగున్నర లీటర్ల బుట్టలో 180 గ్రాముల గడ్డలు నాలుగు సుఖంగా పడతాయి. ఐదోది ఇరికిస్తే ఐదూ చెడతాయి.

నూనె ఇప్పుడే రాయకండి. చాలామంది మొదట్లోనే రాస్తారు. నేనూ రాసేవాణ్ణి. తొక్కలోని తడి పోకముందే నూనె పట్టిస్తే అది తోలులా సాగుతోందని నాలుగైదుసార్లు చేసి చూశాక అర్థమైంది. ముందు ఎండనిచ్చి తర్వాత రాస్తే అప్పడంలా విరుగుతుంది.

180 గ్రాముల గడ్డకు నా లెక్క ఇది. 200 డిగ్రీల్లో 20 నిమిషాలు. బుట్ట లాగి, పట్టకారుతో గడ్డలను తిప్పండి. మళ్లీ 15 నిమిషాలు. అప్పుడు బయటికి తీసి, ఒక్కో గడ్డకు అర టీస్పూన్ నూనె బ్రష్‌తో పలచగా రాసి, చివరి 6 నుంచి 8 నిమిషాలు. పల్లీ నూనె అయితే మంచి వాసన వస్తుంది. నెయ్యి ఈ దశలో వద్దు. నెయ్యి పని తర్వాత ఉంది.

వంద గ్రాముల చిన్న గడ్డలైతే మొత్తం 25 నుంచి 30 నిమిషాలు. పావుకిలో పెద్దవైతే 50 దాకా పోవచ్చు, అలాంటప్పుడు మొదటి అరగంట 190లో పెట్టి చివర్లో 200కి పెంచితే తొక్క మాడదు. యంత్రానికీ యంత్రానికీ పది డిగ్రీల తేడా మామూలే. కాబట్టి మొదటిసారి నిమిషాలను కాదు, గడ్డను చూడండి.

అయిందని ఎలా తెలుస్తుంది? మసిగుడ్డతో పట్టుకుని రెండువైపులా నొక్కండి. లోపల ఎదురు తిరగకుండా మెత్తగా కుంగాలి, పైన తొక్క చిన్నగా పటపటమనాలి. సన్నటి చాకు గుచ్చితే నెయ్యిలో దిగినట్టు మధ్యదాకా పోవాలి. మధ్యలో ఏ కాస్త గట్టిగా తగిలినా ఇంకో ఐదు నిమిషాలు. థర్మామీటర్ ఉన్నవాళ్లు మధ్యలో 96 డిగ్రీలు దాటిందా చూసుకుంటే చాలు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కాబట్టి లోపల వంద చూపించేదాకా ఆగుదామనుకుంటే అది రాదు, గడ్డ ఎండిపోతుంది.

తీసిన వెంటనే

బయటికి తీశాక రెండు నిమిషాల్లోపు గడ్డను తెరవాలి. అలాగే పళ్లెంలో వదిలేస్తే లోపలి ఆవిరి బయటికి దారిలేక మళ్లీ నీరై, ఇంతసేపు పొడిపొడిగా చేసుకున్న గుజ్జును బంకబంకగా మారుస్తుంది. ఫోన్ మోగితే ముందు గడ్డ పగలగొట్టి తర్వాత ఎత్తండి.

చాకుతో నున్నగా కోయడం నాకు నచ్చదు. మన దగ్గర పచ్చి ఉల్లిపాయను పిడికిలితో పగలగొడతారే, అలాగే. గడ్డను పళ్లెంలో పెట్టి, మీద మసిగుడ్డ కప్పి, అరచేతి మడమతో ఒక్క దెబ్బ వేయండి. గట్టిగా కాదు, తలుపు తట్టినంత. తొక్క నాలుగు పక్కలా చీలుతుంది, గుస్ మని ఆవిరి లేస్తుంది, తెల్లటి గుజ్జు మంచు ముక్కల్లా విచ్చుకుంటుంది. గుడ్డ తప్పనిసరి, ఆ ఆవిరికి చెయ్యి కాలుతుంది. దెబ్బకు మొహమాటపడేవాళ్లు ఫోర్క్‌తో కూడిక గుర్తులా గుచ్చి, రెండు చివర్ల నుంచి లోపలికి నొక్కినా అలాగే తెరుచుకుంటుంది. ఒక నిమిషం ఆవిరి పోనివ్వండి.

పైన ఏం వేసుకోవాలి

ఈ గుజ్జును అన్నం అనుకోండి. వేడి అన్నంలో మొదటి ముద్ద దేంతో కలుపుతారో అదే దీనికీ సరిపోతుంది. వెన్న, తురిమిన చీజ్ ఎవరికైనా తెలిసిందే, దాని గురించి ఎక్కువ చెప్పను. చీజ్ వేసి మళ్లీ యంత్రంలో పెట్టేట్టయితే తురుమును గుజ్జులోకి నొక్కి పెట్టండి, లేకపోతే ఫ్యాను ఎగరగొడుతుంది.

మా ఇంట్లో మొదటి స్థానం కందిపొడి, నెయ్యికి. ముందు నెయ్యి పోసి గుజ్జులో ఇంకనివ్వాలి, తర్వాత పొడి చల్లాలి. తిరగేస్తే పొడి గొంతుకు అడ్డం పడుతుంది. అమ్మ కందిపొడి పక్కకు పెట్టి ఆవకాయ జాడీలోంచి ముక్క కాకుండా పైన తేలే ఊట రెండు చెంచాలు పోసుకుంటుంది. ఆ నూనె, ఆవపిండి ఘాటు వేడి ఆలుగడ్డలో కలిస్తే ఇక వేరే మసాలా అక్కర్లేదు. మా ఆవిడకు నువ్వుల పొడి, పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయ.

ఈ ఊళ్లో ఉన్నందుకు దక్కే భాగ్యం ఇంకొకటుంది. బిర్యానీ పార్సిల్‌తో వచ్చే సాలన్ పాకెట్టు. హైదరాబాద్‌లో ప్రతి ఫ్రిజ్ తలుపు అరలోనూ విప్పని సాలన్ పాకెట్టు ఒకటి పడి ఉంటుంది, మూడో రోజు పారేస్తారు. తర్వాతి రోజే దాన్ని చిన్న గిన్నెలో పోసి, మరిగించి, గరిటె జారుగా దగ్గర పడనివ్వండి. పల్లీలు, నువ్వులు, కొబ్బరి, చింతపండు కలిసిన ఆ గ్రేవీ గడ్డ మీద పోస్తే, బిర్యానీలో కన్నా ఇక్కడే బాగుందని మా బావమరిది ఒట్టేసి చెప్పాడు. అతను బిర్యానీ విషయంలో అబద్ధమాడడు. మిగిలిన ఖీమా కూడా ఇలాగే, నీళ్లు ఇగిరేదాకా వేడిచేసి వేసుకోండి. దహీ చట్నీ అయితే గుడ్డలో వడగట్టి నీరు తీసేయాలి.

పలచటివి మాత్రం వద్దు. ఒకసారి మా ఆవిడ సరదాకి పచ్చిపులుసు పోసుకుంది. రెండు నిమిషాల్లో పళ్లెంలో బురద. అంత కష్టపడి వెళ్లగొట్టిన నీళ్లను మళ్లీ తెచ్చి పోసినట్టయింది.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక్కమాట. కాల్చిన ఆలుగడ్డ రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతుంది. చిన్న గడ్డ ఒకటి, పక్కన గుడ్డో పెరుగో పెట్టుకుని, ఆ పూట అన్నం తగ్గించుకుంటే నయం. మా అమ్మ అలాగే తింటుంది.

ఫాయిల్ గురించి ఇంకాస్త

తొక్క మెత్తబడుతుందని ముందే చెప్పాను. అంతకన్నా పెద్ద కారణం ఇంకోటుంది. మట్టిలో పెరిగే గడ్డకు బొటులిజం అనే విషజబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు అంటుకుని ఉండొచ్చు. కాల్చినా అవి చావవు. ఫాయిల్‌లో గాలి ఆడకుండా చుట్టిన గడ్డను అలాగే బయట గంటల తరబడి వదిలేస్తే, ఆ గాలిలేని గోరువెచ్చని చోట అవి పెరిగి విషం తయారుచేస్తాయి. 1994లో అమెరికాలోని ఎల్ పాసో అనే ఊళ్లో ఒక హోటల్‌లో తిన్న ముప్పైమంది దాకా ఇలాగే జబ్బుపడ్డారు. ఫాయిల్‌లో కాల్చి, బయటే వదిలేసిన ఆలుగడ్డలతో చేసిన పదార్థమే దానికి మూలం. మన ఎండల్లో కిచెన్ గట్టు ఎంత వెచ్చగా ఉంటుందో చెప్పక్కర్లేదు. మిగిలిన గడ్డను విప్పి, ఆరనిచ్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. పచ్చివి ఫ్రిజ్‌లో పెట్టొద్దన్నది నేనే, కాల్చినవి పెట్టమంటున్నదీ నేనే. రెండూ నిజమే.

పైగా బరువు లేకుండా ఫాయిల్ ముక్కో, బటర్ పేపరో వేస్తే అది గాలికి లేచి కాయిల్‌కు తగులుతుంది. యంత్రం వేడెక్కించేటప్పుడు ఖాళీ బుట్టలో కాగితం అసలు వేయకండి.

టైము లేనప్పుడు

మైక్రోవేవ్ ఉంటే గుచ్చిన గడ్డలు రెండింటిని అందులో ఐదు నిమిషాలు తిప్పి, తుడిచి, నూనె రాసి, 200 డిగ్రీల ఎయిర్ ఫ్రైయర్‌లో పన్నెండు పదిహేను నిమిషాలు పెట్టండి. తొక్క దాదాపు అంతే బాగుంటుంది, గుజ్జు కాస్త బరువుగా ఉంటుంది. ఆఫీసు నుంచి ఎనిమిదింటికి వచ్చిన రోజు నేనూ ఇదే చేస్తాను. కుక్కర్‌లో ఉడికించి తర్వాత కాల్చడం మాత్రం వద్దు. నీళ్లు తాగిన గడ్డ మళ్లీ పొడిబారదు.

కందగడ్డకు వేరే లెక్క

శివరాత్రి ముందు మోండా మార్కెట్‌లో, సిగ్నళ్ల దగ్గర తోపుడుబండ్ల మీద ఎర్రగా గుట్టలు పోసి అమ్ముతారు. అమ్మవైపు చిలగడదుంప. దీన్ని ఆలుగడ్డలా వేడి యంత్రంలో పెడితే ఉడుకుతుంది గానీ అంత తీపి రాదు. 60, 70 డిగ్రీల మధ్య నెమ్మదిగా వెళ్లేటప్పుడే దానిలోని ఎంజైము పిండిని చక్కెరగా మారుస్తుంది. బూడిదలో కాల్చింది అంత తియ్యగా ఉండటానికి కారణం కూడా ఆ నిదానమే. అందుకే ముందు వేడెక్కించకుండా, 150లో 25 నిమిషాలు పెట్టి, తర్వాత 190కి పెంచి ఇంకో 20 నిమిషాలు. ఉప్పు వద్దు, నూనె వద్దు. చివర్లో గుచ్చిన చోటల్లా తేనెలాంటి పాకం కారి మాడుతుంది, కింద చిన్న స్టీలు పళ్లెం పెట్టకపోతే బుట్ట తోమలేక చస్తారు.

మిగిలితే

ఆదివారం రాత్రి ఆరు గడ్డలు కాలుస్తాను, రెండు విడతలుగా. నాలుగు తింటాం, రెండు ఫ్రిజ్‌లోకి వెళ్తాయి. చల్లబడ్డాక లోపలి పిండి బిగుసుకుని ముక్క గట్టిగా కోతకొస్తుంది, ఉడికించిన గడ్డలా చిదిమిపోదు. సోమవారం పొద్దున తొక్కతోనే అంగుళం ముక్కలు కోసి, చెంచా నూనె, పసుపు, వెల్లుల్లి కారం పట్టించి 200లో ఎనిమిది నిమిషాలు. మధ్యలో ఒకసారి బుట్ట ఊపండి. కరివేపాకు చివరి నిమిషంలో, ముక్కల అడుగున దూర్చి పెట్టాలి. పైన వేస్తే ఎగిరి కాయిల్ మీద పడుతుంది.

అమ్మాయి బాక్సులోకి సగం వెళ్తుంది. మిగతా సగం బాక్సు కట్టేలోపే అమ్మ నిలబడి ఒక్కో ముక్క తీసుకుంటూ ఉంటుంది. కరెంటు గురించి ఈమధ్య అడగడం మానేసింది.